"ఇరిగితే నడవగల్నేటి బాబూ?": పాదం ఎముకల మీద అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరుగా నేను రోజూ వినే ప్రశ్న ఇది. నడవగలరు. పాదంలో 26 ఎముకలున్నాయి, ఒకటి చిట్లినా మిగతావి బరువు మోసేస్తాయి, అందుకే పొలం గట్టు మీద కాలు మడతపడినవాళ్లు మడమ మీద కుంటుకుంటూ వారం పనులన్నీ చేసుకుని అప్పుడొస్తారు. నాలుగడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తియ్యాల్సిందే. వెయ్యగలిగినా, పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే గుబ్బ మీద నొక్కితే ప్రాణం పోతోందంటే అప్పుడూ తియ్యాలి. అరికాలు నీలంగా కమిలితే ఇంకా జాగ్రత్త, పాదం మధ్యలో ఎముకలు పక్కకి జరిగి ఉండొచ్చు, అది పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఒక్కోసారి దొరకదు, నిలబెట్టి తియ్యాలి.

అపోహ: పక్కింటాయనకీ ఇదే ఎముక విరిగింది, ఆయన్ని నడవమన్నారు, నన్నెందుకు కాలు కింద పెట్టొద్దంటున్నారు?

ఎముక అదే, చోటు వేరు. చిటికెన వేలి వెనక పాదంలో ఉండే పొడవాటి ఎముక మొదట్లో, ఆ గుబ్బ దగ్గర ముక్క ఊడితే గట్టి అడుగున్న చెప్పుతో నడుస్తూనే చాలామందికి అతుక్కుంటుంది. అక్కడికి కాస్త ముందు విరిగితే మాత్రం రక్తం సరిగా అందని జాగా, ఆరు నుంచి ఎనిమిది వారాలు కాలు మోపకూడదు, ఒక్కోసారి స్క్రూ వెయ్యాలి. ఈ రెండో రకం గురించి 1902లో రాసిన రాబర్ట్ జోన్స్ అనే సర్జన్ విరగ్గొట్టుకున్నది తన కాలే, అదీ డాన్స్ చేస్తూ!

పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం తెల్లవారకముందే పరుగులు తీసే కుర్రాళ్లది ఇంకో గొడవ. ఒక్కసారిగా పరుగు పెంచేస్తారు, పాదం ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది, ఎక్స్‌రే బాగుందంటారు, మళ్లీ పరుగెడతారు. ఇలాంటి సన్న చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవడం మామూలే. నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయించండి, లేదా ఎంఆర్ఐ. సెలక్షన్ దగ్గరపడిందని టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు, కానీ చీలిక మీద పరుగెడితే అది పూర్తిగా విరుగుతుంది.

అపోహ: ఆపరేషన్ వారం ఆపారంటే పట్టించుకోవడం లేదని అర్థం.

ఉద్దానం వైపు కొబ్బరి చెట్ల మీంచి జారి కాళ్ల మీద పడినవాళ్లకి మడమ ఎముక నలిగిపోతుంది. మడమకి తగిలిన దెబ్బ నడుము దాకా పోతుంది కాబట్టి, నడుం నొప్పి ఉంటే మొదటిరోజే చెప్పండి, వెన్నుపూస కూడా చూడాలి. వాపు మీద కోత పెడితే గాయం మానదు, చీము పడుతుంది. వాపు దిగి చర్మం ముడతలు పడేదాకా వారం నుంచి రెండు వారాలు ఆగడమే వైద్యం. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే, లేదా లోపల్నుంచి మడమ వెనక చర్మాన్ని పొడుస్తుంటే మాత్రం ఆగకూడదు.

నాటుకట్టు గురించి అడుగుతారు. ఆకుపసరు కంటే నా భయం బిగుతు గురించి. విరిగిన పాదం వాస్తుంది, బద్దలు పెట్టి బిగిస్తే రక్తం ఆడదు. వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంటగంటకీ పెరిగినా కట్టు వెంటనే విప్పించాలి. మేం వేసిన పిండికట్టుకీ ఇదే రూలు.

నల్లేరు పచ్చడి, కాళ్ల పులుసు శుభ్రంగా తినండి, కానీ వాటి వల్ల ఆరు వారాలు మూడవ్వవు. పులుపు తింటే చీము పడుతుందనేది వట్టి మాట. ఎముక అతకడాన్ని నిజంగా ఆలస్యం చేసేది పొగాకు, మన తీర గ్రామాల్లో అమ్మలు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగతో సహా. చుట్ట మానమంటే నవ్వేస్తారు!

సుగరున్నవాళ్లకి పాదం ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి మాత్రం లేకపోతే సంతోషించొద్దు, స్పర్శ పోయిన పాదంలో ఎముకలు చప్పుడు లేకుండా విరుగుతాయి. ఇక కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్లకి ముఖ్యంగా: కిడ్నీ సమస్య ఉంటే మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు మింగొద్దు, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఉంటే ఎక్స్‌రేతో పాటు పట్టుకురండి.