రికార్డర్‌లో ఉయ్యాలో

హైదరాబాద్

ప్రియమైన పిల్లలకు,

బతుకమ్మ పండుగ దగ్గరపడింది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. ఈలోగా మీలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, మా బళ్లో అందరికీ రికార్డర్లు ఇచ్చారు. పండుగకి అందరం కలిసి ఉయ్యాలో పాట వాయించాలట. నేను ఊదితే కీచుమంటోంది. నా రికార్డర్ పాడైందా?"

పాడవలేదమ్మా. నిలువుగా పట్టుకుని ఊదే పిల్లనగ్రోవి లాంటి ఈ రికార్డర్ అంత తేలిగ్గా పాడయ్యే వస్తువు కాదు. కీచుమనడానికి కారణాలు రెండే. ఊపిరి ఎక్కువై ఉండాలి, లేదా వేలికింద బెజ్జం సందు ఇచ్చి ఉండాలి.

ముందు ఊపిరి సంగతి. మన ఊళ్లో చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకునేవాళ్లను చూసే ఉంటారు. మా చిన్నప్పుడు ఇరానీ హోటళ్లలో పాలరాతి బల్లల దగ్గర కూర్చున్న పెద్దలంతా అలాగే తాగేవారు. గట్టిగా ఊదితే చాయ్ అంచు దాటి చొక్కా మీద పడుతుంది. మరీ మెల్లగా ఊదితే చల్లారదు. సన్నటి అలలు లేచి, ఆగకుండా, ఒకే తీరున సాసర్ అవతలి అంచుదాకా పోయేటంత ఊదాలి. రికార్డర్ అడిగే ఊపిరి సరిగ్గా అంతే. సాసర్ నిండా చాయ్ ఉన్నప్పుడు ఇంకా నెమ్మదిగా ఊదుతాం కదా, బెజ్జాలన్నీ మూసి కింది స్వరాలు వాయించేటప్పుడూ అలాగే నెమ్మదించాలి. చాయ్ సగానికి తగ్గాక కాస్త ధైర్యంగా ఊదొచ్చు, పై స్వరాలకూ అంతే. నడుమ నడుమ ఊదడం ఆపి గుటక వేస్తాం చూడండి, పాటలో ఆ చోటు చరణం చివర. అక్కడే ఊపిరి తీసుకోవాలి, మాట మధ్యలో కాదు.

ఇక వేళ్లు. బెజ్జాలు ముందు ఏడు, వెనక ఒకటి. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. ఎడమచేతివాటం పిల్లలకూ ఇదే పద్ధతి. వెనక బెజ్జం ఎడమ బొటనవేలిది. ముందు పై మూడూ ఎడమ చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలివి. మిగతా నాలుగూ కుడిచేతివి. కుడి బొటనవేలికి మూసే పని లేదు. నాలుగో, ఐదో బెజ్జాలకు వెనకవైపు ఆనుకుని రికార్డర్‌ను మొయ్యడమే దాని పని. వేలి కొసతో మూస్తే సందు మిగులుతుంది, మెత్తటి కండతో మూయాలి. ఒక పరీక్ష చెప్తాను. బెజ్జాలు మూసి అయిదు లెక్కపెట్టి వేళ్లు తీసి చూసుకోండి. ప్రతి వేలి కండ మీదా గుండ్రటి అచ్చు పూర్తిగా పడాలి. ఏ వేలి మీద అచ్చు సగమే పడిందో కీచుమనేది ఆ వేలి దగ్గరే.

పాట మొదలుపెట్టేముందు రికార్డర్‌ను పక్కన పెట్టండి. నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క మాట మీదే. నోటికి రాని పాట వేళ్లకు రాదు. బతుకమ్మ పాటలో ఒకరు చరణం అందుకుంటారు, మిగతావాళ్లు ఉయ్యాలో అని పలుకుతారు. ఆ పలుకు అందరిదీ. కాబట్టి మీరు ముందు నేర్చుకోవాల్సింది ఆ ఒక్క పలుకే. చరణాలు తర్వాత వస్తాయి. ఊరూరికీ బాణీ మారుతుంది గనక నేను కాగితం మీద స్వరాలు రాసివ్వను. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో, పక్కింటి అత్తమ్మనో అడిగి పాడించుకోండి. అడిగితే పాడనివాళ్లు ఉండరు. చప్పట్లు కొడుతూ వాళ్లతో కలిసి పాడండి. గొంతు ఏ స్వరం మీద వచ్చి కూర్చుని విశ్రాంతి తీసుకుంటోందో గమనించండి. చాలాసార్లు అదే మీ స.

రికార్డర్ స్వరాలకు పాశ్చాత్య పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు. ఆ స కోసం జి స్వరం తీసుకోండి. వెనక బెజ్జం, ముందు పై మూడూ మూస్తే జి. ఉంగరపువేలు లేపితే ఎ, అది రి. నడిమివేలు కూడా లేపితే బి, అది గ. వెనక బొటనవేలు, ముందు నడిమివేలు మాత్రమే ఉంచితే పై సి, అది మ. బొటనవేలు కూడా తీసేస్తే పై డి, అది ప. చూశారా, ఎడమచెయ్యి ఒక్కటే స రి గ మ ప ఇచ్చింది. జి అంటే మన సంగీతం టీచర్లు అయిదు శ్రుతి అనేదే. ఆడవాళ్ల గొంతుకు చాలావరకు అనువైన శ్రుతి అది. అందుకే మీరు వాయిస్తుంటే అమ్మ పక్కన నిలబడి హాయిగా పాడగలుగుతుంది.

ఒక చిక్కు రావచ్చు. మీరు బి వాయిస్తుంటే అమ్మమ్మ పాడే గ దానికన్నా కాస్త కింద వినిపిస్తే తప్పు ఎవరిదీ కాదు. ఆ బాణీలో ఉన్నది చిన్న గాంధారం. అప్పుడు బి బదులు దానికి అర మెట్టు కిందుండే బి ఫ్లాట్ వాయించాలి. వెనక బొటనవేలు, ఎడమ చూపుడువేలు, ఎడమ ఉంగరపువేలు, కుడి చూపుడువేలు మూసి, ఎడమ నడిమివేలు మాత్రం లేపి ఉంచాలి. ఈ వేళ్ల అమరిక మొదటిరోజు మొరాయిస్తుంది. మూడు నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

ఇప్పుడు కూడా ఊదొద్దు. రికార్డర్ మూతిని గడ్డానికి ఆనించి, నోటితో ఉ-య్యా-లో అని పాడుతూ వేళ్లు మాత్రం కదపండి. గొంతూ వేళ్లూ కలిసి నడిచాకే మూతి పెదాల మధ్యకు రావాలి. పళ్లతో కరవొద్దు. ప్రతి అక్షరానికీ నాలుకతో మెత్తగా 'తు' అనాలి. ఉ కి ఒక తు, య్యా కి ఒక తు, లో కి ఒక తు. లో ని సాగదీసేటప్పుడు స్వరం మారినా మళ్లీ తు అనకండి, ఒకే ఊపిరిమీద వేలు మార్చండి. ఒక అక్షరానికి ఒక తు అన్న ఈ ఒక్క నియమంతో మీ వాయింపులో మాటలు వినబడతాయి. నాలుక ఆడించకుండా ఉత్త ఊపిరితో వాయించేవాళ్ల పాటలో మాట ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు.

వేళ్ల సాధనకు గ రి స, గ రి స అని మెట్లు దిగండి. ఇది మీ ఇంటి బాణీ కాకపోవచ్చు, వేళ్లకు కసరత్తు మాత్రమే. తర్వాత గ నుంచి మ కి వెళ్లండి. తరగతిలో సగంమంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే చూపుడువేలు లేచే క్షణంలోనే నడిమివేలు దిగాలి. ఒకటి ఆలస్యమైతే నడుమ ఎవరూ పిలవని స్వరం దూరుతుంది. ముందు రి నుంచి మ కి వెళ్లడం నేర్చుకోండి. అక్కడ చూపుడువేలు ఒక్కటి లేపితే చాలు. అది కుదిరాక గ-మ, గ-మ అని ఆ రెండే పదిసార్లు. పాట మొత్తం మొదటినుంచి వాయించి అదే చోట మళ్లీ మళ్లీ పడిపోవడం కంటే ఆ అతుకు ఒక్కటే బాగు చేసుకోవడం మేలు.

చరణం స కన్నా కిందికి దిగితే కుడిచెయ్యి కూడా కావాలి. జి కి నాలుగో, ఐదో బెజ్జాలు కలిపితే ఇ, ఆరోది కూడా మూస్తే డి. కుడివేళ్లు దిగే తొందరలో ఎడమ ఉంగరపువేలు తెలియకుండానే లేస్తుంది. కింది స్వరం పలక్కపోతే కుడిచేతిని తిట్టకండి, ముందు ఆ వేలిని చూడండి. ఎఫ్ స్వరం అవసరమైతే మీది జర్మన్ రకమో బరోక్ రకమో తెలియాలి. ముందువైపు నాలుగో బెజ్జం ఐదోదానికన్నా చిన్నగా ఉంటే బరోక్, ఐదోది చిన్నగా ఉంటే జర్మన్. జర్మన్‌లో నాలుగో బెజ్జం వరకు మూస్తే ఎఫ్ వస్తుంది. బరోక్‌లో ఐదోది తెరిచి ఆరూ ఏడూ కూడా మూయాలి. బెంచీలో ఇద్దరివి రెండు రకాలైతే ఒకరిని చూసి ఒకరు వేళ్లు పెట్టొద్దు.

నలభైమంది ఒకేసారి వాయిస్తే పోటీపడి గట్టిగా ఊదుతారు, దాంతో అందరి శ్రుతీ పైకి పోతుంది. పదిమంది వాయిస్తే ముప్ఫైమంది పాడి చప్పట్లు కొట్టండి, తర్వాత వంతులు మార్చుకోండి. ఒకరి శ్రుతి ఎక్కువగా ఉంటే తల భాగాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి లాగితే తగ్గుతుంది. ఉన్నట్టుండి రికార్డర్ గొంతు బొంగురుపోతే అది లోపల పేరుకున్న ఊపిరి తడి. మూతి కింద ముందువైపు తెరిచి ఉండే సందును, అంటే కిటికీని, వేలితో తేలిగ్గా కప్పి ఒక్కసారి గట్టిగా ఊదితే పోతుంది. తల భాగాన్ని రెండు నిమిషాలు గుప్పిట్లో వెచ్చబెట్టి మొదలుపెడితే ఆ తడి అంతగా పేరుకోదు. ప్లాస్టిక్‌దైతే వారానికోసారి గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు చాలు. ఒకరి రికార్డర్ ఒకరు నోట్లో పెట్టుకోవద్దు, ప్రాణస్నేహితులైనా సరే.

ఈ వాయిద్యం యూరప్‌ది. వందల ఏళ్లు అక్కడ మోగి, పద్ధెనిమిదో శతాబ్దం చివరికి అడ్డంగా పట్టే ఫ్లూట్ ముందు వెనకబడి మూలన పడింది. ఆర్నాల్డ్ డాల్‌మెచ్ అనే పెద్దమనిషి ఇంగ్లండ్‌లో 1919లో మళ్లీ తయారుచేశాడు. ఆ తర్వాత బడిపిల్లల చేతుల్లోకి వచ్చింది, ప్లాస్టిక్‌తో చవకగా చెయ్యడం మొదలయ్యాక దేశదేశాలకూ పాకింది. కిటికీ అంచుకు తగిలిన గాలి లోపలికీ బయటికీ ఊగిసలాడడమే ఆ శబ్దానికి పుట్టుక. అక్కడినుంచి లోపలున్న గాలంతా ఎలా పాటందుకుంటుందో నేను చెప్పడం కంటే మీరే చూడండి. వాయిస్తూ వాయిస్తూ ఒక కాగితం ముక్కతో ఆ కిటికీని కొంచెం కొంచెంగా మూసుకుంటూ వెళ్లండి. కీచుమనదు, బెదరదు, శ్రుతి దిగజారుతూ వచ్చి ఒకచోట చప్పున ఆగిపోతుంది. వేలెడంత గాలిలో ఇంత పాట ఎలా ఇమిడిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రోజుకు పది నిమిషాలు చాలు, అవి రోజూ జరగాలి. జానపదుల గొంతులో రి నుంచి గ కి జారే తీరు ఒకటి ఉంటుంది. నడిమివేలిని ఒక్కసారిగా లేపకుండా బెజ్జం మీదినుంచి మెల్లగా దొర్లిస్తే అది కూడా రికార్డర్‌లో పలుకుతుంది. అయితే ముందు తిన్నగా వాయించడం వచ్చాకే దాని జోలికి వెళ్లండి.

ఈసారి మీ అపార్ట్‌మెంట్ ముందో, గుడి దగ్గరో, సద్దులనాడు ట్యాంక్‌బండ్ మీదో ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే రికార్డర్ ఇంట్లోనే పెట్టి నోటుబుక్కు తీసుకెళ్లండి. ఏ అక్షరం మీద చప్పట్టు పడుతోంది, ఏ అక్షరం మీద అడుగు పడుతోంది, అందరూ కలిసి ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు, ఈ మూడూ రాసుకుని రండి. వాటినిబట్టి చరణాలు మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య