ప్రోటీన్ చెడిపోదు సరే, డేటా సంగతి?

బ్యాక్టీరియోరొడాప్సిన్ అనే, వెలుగు పడితే రంగు మార్చే ప్రోటీన్ మీద పనిచేస్తానని తెలిస్తే చాలు, హైదరాబాద్‌లో నన్ను అందరూ అడిగేది ఒకటే: "మేడం, ఆ బ్యాక్టీరియా డిస్కు మార్కెట్లోకి ఎప్పుడొస్తుంది?" 50 టెరాబైట్ల ప్రోటీన్ డీవీడీ అని 2006లో వచ్చిన వార్త నాకు ఇప్పటికీ కొత్తదానిలా ఫార్వర్డ్ అవుతోంది. ఆ డిస్కు షాపుల్లోకి రాలేదు.

అపోహ: ఈ ప్రోటీన్ చెడిపోదు, కాబట్టి అందులో రాసింది శాశ్వతం.

వాస్తవం: మొదటి సగం దాదాపు నిజమే. ఉప్పు మడుల్లో బతికే హాలోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి నుంచి తీసిన, ఈ ప్రోటీన్ ఉండే ఊదా పొర 80 డిగ్రీల వేడినీ తట్టుకుంటుంది. ముంచేది రెండో సగం. 568 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చే ప్రోటీన్, వెలుగు పడగానే రూపాలు మార్చుకుంటూ 412 దగ్గర పీల్చే ఎం స్థితికి, అంటే పసుపుకు వస్తుంది. కంప్యూటర్ లెక్కలో ఊదా సున్నా, పసుపు ఒకటి. బాగానే ఉంది కదా? కానీ సుమారు 10 మిల్లీసెకన్లలో మళ్లీ ఊదా అయిపోతుంది. ప్రోటాన్‌ను బయటికి తోసి, వెంటనే ఇంకోదానికి సిద్ధం కావడమే దాని పని. మన పెళ్లి ఫొటోలు దానికెందుకు?

ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి చేసిన డీ96ఎన్ మ్యూటెంట్‌లో ఎం స్థితి ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. హోలోగ్రామ్ ప్రయోగాలకు అది చాలు, దాచుకోవడానికి చాలదు. ఏళ్లు నిలిచేది క్యూ స్థితి. ఎం తర్వాత వచ్చే 'ఓ' (O) అనే స్థితిలో ఉండగా ఎర్రకాంతి పడితే ప్రోటీన్ పక్కదారి పట్టి అక్కడికి చేరుతుంది. అమెరికాలో రాబర్ట్ బర్జ్ బృందం త్రీడీ మెమరీకి నమ్ముకున్నది ఈ దారినే. సహజ ప్రోటీన్‌లో మాత్రం చాలా కొద్ది అణువులే అటు వెళ్తాయి. మ్యూటెంట్ల కోసం ఇంత వేట అందుకే.

దిల్‌సుఖ్‌నగర్‌లో స్టూడియో నడిపే మా బాబాయి "అది రానీ తల్లీ, అన్నీ ఒకేసారి ఎక్కించేద్దాం" అంటూ బ్యాకప్ వాయిదా వేస్తూ వచ్చాడు. ఈలోగా ఓ హార్డ్ డిస్కు పోయింది. పెళ్లివారికి ఫోన్ చేసి చెప్పడానికి ఆయన పడ్డ టెన్షన్ చూశాక మందలించడానికి నోరు రాలేదు. ఇవాళే రెండు కాపీలు తీయండి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి.

మిగతావి గబగబా. డిస్కు నుంచి రోగాలు రావు, అందులో ప్రాణమున్న సూక్ష్మజీవేదీ ఉండదు. మాట వచ్చింది కాబట్టి, హాలోబ్యాక్టీరియం పేరుకే బ్యాక్టీరియా, నిజానికి ఆర్కియా. డీఎన్‌ఏ స్టోరేజీ వేరు, ఇది వేరు.

ఈ డిస్కు బుకింగ్‌కి అడ్వాన్సు అడిగేవాళ్లు తగిలితే, పోయిన ఏడాది రాసిన ఫైలొకటి మీ ముందే తెరిచి చూపించమనండి.