ఆవేశానికి కుదుపు తగిలితే

ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్ ప్రసారాలు 837 కిలోహెర్ట్జ్ మీద వస్తాయని పాత శ్రోతలకు కంఠతా వచ్చు. ప్రసార స్తంభంలోని ఎలక్ట్రాన్లు సెకనుకు 8,37,000 సార్లు పైకీ కిందికీ ఊగుతాయని ఆ అంకెకు అర్థం. ఎంత మేర ఊగుతాయో లెక్క వేస్తే మాత్రం నమ్మబుద్ధి కాదు. రాగిలో చదరపు మిల్లీమీటరుకు ఒక ఆంపియరు చొప్పున కరెంటు పారుతుంటే, ఎలక్ట్రాన్లు ముందుకు జరిగే వేగం సెకనుకు 0.07 మిల్లీమీటర్లు. అంత నిదానంగా నడిచేది సెకనులో పదహారు లక్షలకు పైగా సార్లు వెనక్కి తిరగాల్సి వస్తే ఎంత దూరం పోతుంది? రాగి పరమాణువు వెడల్పులో సుమారు పదో వంతు. ఆ కాస్త కదలికకే తరంగం పుట్టి జిల్లాలు దాటిపోతుంది.

ఎలక్ట్రాన్ల సంఖ్య అపారం కావడం ఒక కారణం. ఘనపు మిల్లీమీటరు రాగిలో ఎనిమిదిన్నర లక్షల కోట్ల కోట్ల స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి, అవన్నీ ఒకే లయలో ఊగుతాయి. అసలు కారణం వేరే. తరంగాన్ని పుట్టించేది వేగంలో వచ్చే మార్పు, అంటే త్వరణం. పై లెక్కలోనే ఎలక్ట్రాన్ త్వరణం చూడండి: భూమ్యాకర్షణ త్వరణానికి దాదాపు 40 రెట్లు.

ఎలక్ట్రాన్ లాంటి కణం మోసే విద్యుదావేశాన్ని క్లుప్తంగా ఆవేశం అందాం. కదలని ఆవేశం చుట్టూ విద్యుత్ క్షేత్రం, అంటే ఇతర ఆవేశాలను నెట్టే లేదా లాగే ప్రభావం, ఉంటుంది. కదిలే ఆవేశం చుట్టూ అయస్కాంత క్షేత్రం కూడా ఏర్పడుతుంది. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు తిరగడాన్ని గమనించి డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ 1820లో లోకానికి చెప్పిన సంగతి ఇదే. అయితే నిలకడైన వేగంతో తిన్నగా పోయే ఆవేశం శూన్యంలో తరంగాలను వెదజల్లదు. సమవేగంతో పోయే రైలు పెట్టెలో, బల్ల మీద ఆవేశం నింపిన గోళీ ఒకటి ఉందనుకోండి. పక్కన కూర్చున్న ప్రయాణికుడికి అది కదలడం లేదు, అయస్కాంత క్షేత్రమూ లేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడినవారికి రెండు క్షేత్రాలూ కనిపిస్తాయి. గోళీ తరంగాలను పంపుతూ ఉంటే ఆ శక్తి ఎక్కడో ఖర్చు కావాలి; ప్రయాణికుడి లెక్కలో అలాంటి ఖర్చేదీ లేదు. కనుక ప్లాట్‌ఫారం మీదివారికీ తరంగం ఉండదు. రైలుకు బ్రేకు వేస్తే కథ మారుతుంది.

ఎలా మారుతుందో చెప్పడానికి ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త జె.జె. థామ్సన్ 20వ శతాబ్ది తొలినాళ్లలో ఇచ్చిన చిత్రణ కంటే తేటగా ఉన్నది నేనింతవరకు చూడలేదు. నిలిచి ఉన్న ఆవేశం నుంచి బలరేఖలు, అంటే విద్యుత్ క్షేత్రం దిశను చూపే ఊహా రేఖలు, అన్ని దిక్కులకూ తిన్నగా పోతుంటాయి. దానికి చిన్న కుదుపు ఇచ్చామనుకుందాం. ఆ తర్వాత అది నిలకడగా కదిలిపోతోంది. ఈ మార్పు లోకమంతటికీ ఒక్కసారిగా తెలియదు. ఆ వార్త కాంతి వేగంతో, అంటే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున వ్యాపిస్తుంది. సెకనులో పది లక్షలో వంతు గడిచేసరికి 300 మీటర్ల దూరం చేరుతుంది. ఆ హద్దుకు అవతల బలరేఖలు ఆవేశం ఇంకా పాత చోటే ఉందన్నట్టు నిలిచి ఉంటాయి. ఇవతలి రేఖలు కొత్త చోటును చూపిస్తుంటాయి. ఖాళీ స్థలంలో బలరేఖ తెగిపోవడానికి వీల్లేదు. అందుకని పాత రేఖ, కొత్త రేఖ ఆ సన్నని పొరలో ఒక మెలికతో కలుసుకుంటాయి. ఆ మెలికలో క్షేత్రం అడ్డంగా పడుకుంటుంది. అడ్డంగా పడుకున్న ఆ క్షేత్రమే, తనకు తోడైన అయస్కాంత క్షేత్రంతో కలిసి, బయటికి పరుగెత్తే తరంగం.

ఈ మెలికలోనే మరో విశేషం ఉంది. మామూలు విద్యుత్ క్షేత్రం దూరపు వర్గాన్నిబట్టి తగ్గుతుంది: పది రెట్ల దూరం పోతే నూరో వంతు. మెలిక సంగతి అలా కాదు. పొర దూరం పోయేకొద్దీ ఆవేశం కూడా తన దారిన జరుగుతూనే ఉంటుంది, కాబట్టి పాత రేఖకూ కొత్త రేఖకూ మధ్య ఎడం పెరుగుతుంది. పొర మందం మాత్రం మారదు. మెలిక మరింత అడ్డంగా వాలాలి. ఫలితంగా అడ్డక్షేత్రం పది రెట్ల దూరంలో పదో వంతుకే తగ్గుతుంది. తరంగ తీవ్రత క్షేత్రపు వర్గాన్నిబట్టి ఉంటుంది గనుక అది నూరో వంతవుతుంది. అదే సమయంలో గోళం వైశాల్యం నూరు రెట్లు పెరుగుతుంది. మొత్తం శక్తి ఎక్కడా తరగదు. నక్షత్రాలు మనకు కనబడటం ఈ లెక్క చలవే.

కుదుపు ఇచ్చిన దిశలోనే చూస్తే అక్కడి బలరేఖకు మెలిక పడదు. రేఖ తన మీద తానే జరుగుతుంది. కాబట్టి ఆ దిశలో తరంగం ఉండదు. లంబ దిశలో అత్యధికం. మీడియం వేవ్ స్తంభాన్ని నిటారుగా నిలబెట్టడంలో లాభం ఇదే: తరంగశక్తి నడినెత్తికి పోకుండా నేల వెంబడి ఊళ్లవైపు సాగుతుంది.

మాక్స్‌వెల్ 1860లలో సమీకరణాలతో ఈ తరంగాల వేగాన్ని లెక్కగట్టి, అది కాంతి వేగంతో సరిపోవడం చూసి, కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనన్నాడు. హెర్ట్జ్ 1887-88లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో నిప్పురవ్వలతో ఆ తరంగాలను పుట్టించి చూపాడు. కొన్నేళ్లకే జగదీశ్ చంద్రబోస్ కలకత్తాలో మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా దిగాడు.

త్వరణమంటే వడి పెరగడమో తగ్గడమో మాత్రమే అనుకోనక్కర్లేదు. దిశ మారినా త్వరణమే. ఇందోర్‌లోని ఇండస్-2 యంత్రంలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో వలయంలో తిరుగుతాయి. అయస్కాంతాలు వాటిని మలుపు తిప్పిన ప్రతిచోటా ఎక్స్ కిరణాలు చిమ్ముతాయి. అలా పోగొట్టుకున్న శక్తిని ప్రతి చుట్టులోనూ తిరిగి అందించకపోతే ఎలక్ట్రాన్లు వలయంలో నిలవవు.

మరి పరమాణువులో ఎలక్ట్రాన్ సంగతి? 1911లో రూథర్‌ఫర్డ్ చెప్పినట్టు అది కేంద్రకం చుట్టూ తిరుగుతుంటే ఎడతెగకుండా తరంగాలను వెదజల్లాలి. హైడ్రోజన్ పరమాణువు సెకనులో పదివేల కోట్లో వంతు అటూ ఇటూగా కుప్పకూలాలి. కొన్ని కక్ష్యల్లో ఆ నియమం పనిచేయదని 1913లో బోర్ ప్రకటించాడు. ఎందుకు పనిచేయదో చెప్పలేదు. ధైర్యం అతనిది, సంజాయిషీ తర్వాతివాళ్లది. 1920లలో వచ్చిన క్వాంటమ్ యాంత్రిక శాస్త్రం ప్రకారం స్థిర స్థితిలో ఎలక్ట్రాన్ ఆవేశం కేంద్రకం చుట్టూ పరచుకున్న తీరు కాలంతో మారదు. ఊగేదే లేనప్పుడు తరంగం ఎక్కడిది? ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే వేళ మాత్రం ఆ పరచుకున్న ఆవేశం నిజంగానే అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపు ఎంతో వెలువడే కాంతి పౌనఃపున్యమూ అంతే. సోడియం దీపపు పసుపు వెలుగుకు అది సెకనుకు సుమారు 509 లక్షల కోట్ల సార్లు.