కొనకపోతే జరిమానా: అమెరికా ఆరోగ్య బీమా తగాదా వెనుక కథ

బండికి ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కితే చలానా రాస్తారు. దాని మీద మనం పెద్దగా గొడవ పడం. థర్డ్ పార్టీ బీమా ఉన్నది మన బండి తగిలి దెబ్బతినే ఎదుటివాడి కోసం కాబట్టి. అంతగా ఇష్టం లేకపోతే బండి కొనకుండా ఊరుకోవచ్చు కూడా. మరి ఒంటికి ఇన్సూరెన్స్ లేకపోతే చలానా రాయొచ్చా? ఒళ్లు వద్దనుకుని ఊరుకునే వీల్లేదు కదా! అమెరికాలో పార్టీలు, రాష్ట్రాలు, కోర్టులు ఏళ్ల తరబడి కొట్టుకున్నది ఈ ఒక్క తేడా మీదే.

ఇదంతా 2010లో, అందరూ ఆరోగ్య బీమా కొనాలి, లేకపోతే జరిమానా అన్న చట్టం (ఒబామాకేర్) మీద ఒబామా పెట్టిన సంతకంతో మొదలైందని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో మొదలు 1986. అప్పటిదాకా కొన్ని ప్రైవేటు ఆస్పత్రులు డబ్బులేని రోగిని అంబులెన్స్ ఎక్కించి ప్రభుత్వాస్పత్రికి తోలేసేవి. దాన్ని ఆపడానికి రీగన్ హయాంలో ఎంటాలా అనే చట్టం తెచ్చారు. ముసలివాళ్లకు ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్. దాని డబ్బు తీసుకునే ఆస్పత్రి ఏదైనా సరే, ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని పరీక్షించాలి, ప్రాణం కుదుటపడేదాకా చూడాలి. బీమా ఉందా అన్నది తర్వాతి మాట. చట్టం మంచిదే. కానీ వైద్యం చేయమన్నది గానీ, బిల్లు ఎవరు కట్టాలో చెప్పలేదు. కట్టలేనివాళ్ల ఖర్చు కొంత ఆస్పత్రి నెత్తిన పడింది, కొంత ప్రభుత్వ ఖజానా మీద పడింది, కొంత చాటుగా బీమా ఉన్నవాళ్ల బిల్లుల్లో చేరింది.

బీమా లేనివాళ్లు అంతమంది ఎందుకున్నారన్నది ఇంకో పాత కథ. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసింది. పనివాళ్లు దొరకని కంపెనీలు జీతానికి బదులు ఆరోగ్య బీమా ఎర వేశాయి. 1954 పన్ను చట్టం ఆ బీమా మీద పన్ను లేదని ఖాయం చేసింది. అలా అక్కడ బీమా ఉద్యోగానికి అతుక్కుపోయింది. 1965లో ముసలివాళ్లకు మెడికేర్, పేదవాళ్లకు మెడికెయిడ్ వచ్చాయి. మధ్యలో మిగిలినవాళ్లు చిన్న షాపులు నడుపుకునేవాళ్లు, డ్రైవర్లు, రెండు ఉద్యోగాల మధ్య ఖాళీగా ఉన్నవాళ్లు. హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోయిన రోజున వీసా టెన్షన్‌తో పాటు ఇన్సూరెన్స్ టెన్షన్ కూడా ఇంట్లోకి వస్తుంది.

'ప్రతి ఒక్కరూ బీమా కొనాల్సిందే' అన్న మాట 1989లో హెరిటేజ్ ఫౌండేషన్ నుంచి వచ్చింది. అది రిపబ్లికన్లకు ఆలోచనలు వండిపెట్టే సంస్థ. అక్కడి స్టూవర్ట్ బట్లర్ వాదన ఇలా సాగింది. ఖరీదైన కారున్న కుర్రాడు బీమా లేకుండా దాన్ని గుద్దేసుకుంటే అయ్యో అంటాం, అంతేగానీ రిపేరు చేయించం. మనిషి గుండెపోటుతో రోడ్డు మీద పడిపోతే మాత్రం బీమా ఉన్నా లేకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్తాం. అందుకని తాహతు ఉండి కూడా కొనని వాడు తన బరువు పక్కవాడి నెత్తిన పెడుతున్నట్టే. కనీసం పెద్ద జబ్బులకైనా ప్రతి కుటుంబం బీమా తీసుకోవాలి. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు సొంత బాధ్యత.

అప్పట్లో డెమోక్రాట్ల చూపు వేరేచోట ఉంది. 1993లో క్లింటన్ ప్రభుత్వం తెచ్చిన ప్రణాళిక భారమంతా ప్రధానంగా యజమానుల మీద పెట్టింది. దానికి పోటీగా రిపబ్లికన్ సెనేటర్ జాన్ చేఫీ ఒక బిల్లు పెట్టారు. అందులో ఎవరి బీమా వాళ్లు కొనుక్కోవాలన్న నిబంధన ఉంది. బాబ్ డోల్, ఆరిన్ హాచ్, చక్ గ్రాస్లీ దానికి మద్దతుగా పేర్లిచ్చారు. ఈ పేర్లు గుర్తుంచుకోండి. 1994 కల్లా రెండు ప్రణాళికలూ అటకెక్కాయి.

ఈలోగా న్యూయార్క్ వేరే ప్రయోగం చేసింది. 1993 నుంచి అక్కడ జబ్బున్నవాళ్లకు కూడా బీమా కంపెనీలు పాలసీ ఇవ్వాల్సిందే, వయసును బట్టి గానీ జబ్బును బట్టి గానీ ఎక్కువ ప్రీమియం వసూలు చేయకూడదు. అందరూ కొనాలన్న నిబంధన మాత్రం పెట్టలేదు. ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. జబ్బు వచ్చాక కొనొచ్చంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎవరు కొంటారు? కుర్రవాళ్లు జారుకున్నారు, రోగులు మిగిలారు, ప్రీమియం పెరిగింది. అది చూసి ఇంకొందరు జారుకున్నారు. సొంతంగా కొనుక్కునేవాళ్ల సంఖ్య ఏటికేడు కుదించుకుపోయింది. ఒబామా చట్టం అమలుకు ముందు, 2013లో కొత్త రేట్లు ప్రకటించినప్పుడు అక్కడి వ్యక్తిగత ప్రీమియంలు సగానికి సగం తగ్గుతున్నాయని తేలింది. పాత రేట్లు ఎంత ఎక్కాయో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఎంఐటీ ఆర్థికవేత్త జొనాథన్ గ్రూబర్ దీన్ని ముక్కాలి పీటతో పోల్చేవారు. జబ్బున్నవాళ్లను కాదనకూడదన్నది ఒక కాలు. అందరూ కొనాలన్నది రెండోది. కొనలేనివాళ్లకు ప్రభుత్వం సాయం చేయాలన్నది మూడోది. ఆ పీట మీద మొదట కూర్చున్నది మసాచుసెట్స్. 2006 ఏప్రిల్ 12న బోస్టన్‌లోని ఫానియల్ హాల్లో రిపబ్లికన్ గవర్నర్ మిట్ రోమ్నీ ఆ చట్టం మీద సంతకం పెట్టారు. పక్కన డెమోక్రాట్ పెద్దమనిషి ఎడ్వర్డ్ కెన్నెడీ నిలబడ్డారు. కొన్నాళ్లకే బీమా లేనివాళ్లు దేశంలోకెల్లా అతి తక్కువ ఉన్న రాష్ట్రం అదే అయింది.

ఇక్కడి నుంచి పాత్రలు తారుమారు. 2008 డెమోక్రాటిక్ పార్టీ పోటీలో తప్పనిసరి బీమా కావాలన్నది హిల్లరీ క్లింటన్. వద్దన్నది ఒబామా! ఇళ్లు లేనివాళ్ల సమస్య తీర్చడానికి అందరూ ఇల్లు కొనాలని ఆర్డరేస్తే సరిపోతుందా అని ఆయన ఎద్దేవా చేశారు. జనం కొననిది మొండితనంతో కాదు, ధర అందక అన్నది ఆయన వాదన. అధ్యక్షుడయ్యాక లెక్కలు చూసుకుని, పీటకు రెండో కాలు లేకపోతే నిలబడదని ఒప్పుకున్నారు. అటువైపు హాచ్, గ్రాస్లీ తాము ఒకప్పుడు పేర్లిచ్చిన నిబంధనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. బట్లర్ కూడా నా అభిప్రాయం మారిందని 2012లో రాశారు. మనిషి అభిప్రాయం మార్చుకోవడం తప్పేం కాదు. కాకపోతే ఇంతమంది, ఒకేసారి, ఎవరి పార్టీకి అనుకూలంగా వాళ్లు మార్చుకోవడమే కాస్త ముచ్చటగా ఉంటుంది.

2010 మార్చి 23న, పీటకున్న మూడు కాళ్లతోనూ ఒబామా చట్టం వచ్చింది. రిపబ్లికన్ ఓటు ఒక్కటీ పడలేదు. అదే రోజు ఫ్లోరిడా కోర్టుకెళ్లింది. చివరికి 26 రాష్ట్రాలు ఆ కేసులో చేరాయి. జరిమానా 2014లో మొదలై మెల్లగా పెరిగింది. 2016 నాటికి పెద్దవాళ్లకు తలకు 695 డాలర్లు, లేదా పన్ను రిటర్ను వేయాల్సిన పరిమితికి మించిన ఆదాయంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. బీమా లేని కాలం మూడు నెలల లోపే అయితే మినహాయింపు ఉండేది. ఇండియా నుంచి ఎఫ్1 వీసా మీద వెళ్లిన విద్యార్థులకు పన్ను లెక్కల్లో స్థానికులు కానంతకాలం ఇది వర్తించేది కాదు. అన్నిటికంటే వింత ఏంటంటే, కట్టకపోతే జైలు లేదు, ఆస్తి జప్తు లేదని చట్టంలోనే రాసుకున్నారు. మహా అయితే పన్ను రీఫండ్‌లోంచి కోసుకునేవాళ్లు. దేశాన్ని రెండుగా చీల్చిన బలవంతం అసలు బలం ఇంతే.

2012 మార్చిలో సుప్రీంకోర్టు మూడు రోజులు వాదనలు విన్నది. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం మాకుంది, ఆ అధికారంతోనే ఈ చట్టం చేశాం అన్నది ప్రభుత్వ వాదన. దానికి అండగా ఒక రైతు కేసుంది. ఒహాయోలో ఫిల్‌బర్న్ అనే రైతు కోటాకు మించి గోధుమ వేశాడు. నా పశువులకూ నా ఇంటికీ వాడుకునేదే కదా అన్నాడు. అలాంటి వాళ్లందరూ కలిస్తే మార్కెట్ ధర మారుతుంది కాబట్టి కేంద్రం అడ్డుకోవచ్చని 1942లో కోర్టు చెప్పింది. అయితే ఫిల్‌బర్న్ కనీసం గోధుమ వేశాడు. బీమా కొననివాడు ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడిని లేపి కొనమంటే, రేపు బ్రోకలీ కూడా కొనమంటారా అని జస్టిస్ స్కాలియా అడిగారు. కూరగాయ పేరు మీద రాజ్యాంగ చర్చ నడవడం అరుదే.

జూన్ 28న 5-4తో తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ వాణిజ్య అధికారం కింద ఇది చెల్లదన్నారు. అది విని సీఎన్ఎన్, ఫాక్స్ చట్టం కొట్టేశారని హడావుడిగా చెప్పేశాయి. తర్వాతి పేజీలు తిప్పితే అసలు సంగతి ఉంది. కొనమని ఆదేశించలేరు గానీ, కొననివాడి మీద పన్ను వేయొచ్చు, ఈ జరిమానా పన్ను లాంటిదే కాబట్టి నిలబడుతుంది. ఇది పన్ను కాదని 2009లో టీవీలో గట్టిగా చెప్పింది ఒబామాయే. ఆయన కాదన్న మాటే ఆయన చట్టాన్ని బతికించింది.

పన్ను కాబట్టే పన్ను చట్టంతో పోయింది కూడా. 2017 జులైలో చట్టాన్ని నేరుగా పీకే ప్రయత్నం సెనేట్‌లో జాన్ మెకెయిన్ ఓటుతో వీగిపోయింది. అదే డిసెంబర్‌లో ట్రంప్ ప్రభుత్వ పన్ను కోతల చట్టం జరిమానాను సున్నా చేసింది, 2019 నుంచి అమలు. సున్నా డాలర్ల పన్ను పన్నెలా అవుతుంది, కాబట్టి చట్టమంతా చెల్లదని టెక్సాస్ మళ్లీ కోర్టుకెక్కింది. 2021లో సుప్రీంకోర్టు 7-2తో, సున్నా జరిమానాతో మీకు కలిగిన నష్టమేంటని అడిగి పంపేసింది.

జరిమానా పోతే పీట కూలుతుందని చాలామంది భయపడ్డారు. 2027 నాటికి మరో 1.3 కోట్ల మందికి బీమా ఉండదని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్కగట్టింది. పీట కూలలేదు. ప్రీమియం పెరిగిన మేరకు ప్రభుత్వ సాయం కూడా పెరిగేలా చట్టం కట్టారు కాబట్టి తక్కువ ఆదాయం వాళ్లు బయటికి పోలేదు. 2021లో ఆ సాయాన్ని ఇంకా పెంచారు. 2023లో బీమా లేనివాళ్లు దాదాపు 8 శాతమే. ఇన్నేళ్లు అందరూ రెండో కాలు గురించి కొట్టుకున్నారు, బరువు ఎక్కువగా మోసింది మూడోది. పెంచిన సాయానికి గడువు 2025 చివరి దాకానే పెట్టారు. దాన్ని పొడిగించాలన్న పట్టుదలల మధ్యే ఆ అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి.

మన ఊళ్లలో ఈ తగాదా రాలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది, కొనమని ఎవరినీ అడగలేదు. ఈఎస్ఐ మాత్రం 1948 చట్టం నుంచీ తప్పనిసరే. కాకపోతే జీతంలోంచి ముందే కోసేస్తారు కాబట్టి చాలామందికి అది బలవంతంలా అనిపించదు.

ట్రంప్ కథలో ఇంకో మలుపుంది, మనవాళ్లకు తగిలేది. సొంత పౌరులకు జరిమానా సున్నా అయిన 2019లోనే, అక్టోబర్ 4న ఆయన ఒక ప్రకటన ఇచ్చారు. వలస వీసా మీద వచ్చేవాళ్లు దిగిన 30 రోజుల్లో బీమా తీసుకుంటామనో, వైద్యం ఖర్చు భరించగలమనో చూపాలి. ప్రభుత్వ సాయంతో కొనే ఒబామా చట్టం పాలసీలు లెక్కలోకి రావు. గ్రీన్‌కార్డు మీద భార్యనో భర్తనో పిలిపించుకునేవాళ్లకు నేరుగా తగిలేది, పౌరుల తల్లిదండ్రులకు కొంత సడలింపు ఉండేది. అమల్లోకి రావాల్సిన ముందురోజు కోర్టు ఆపింది, 2021లో బైడెన్ రద్దు చేశారు.

దేశమంతటికీ పోయిన జరిమానాను కొన్ని రాష్ట్రాలు సొంతంగా తెచ్చుకున్నాయి. న్యూజెర్సీలో 2019 నుంచి, కాలిఫోర్నియా, రోడ్ ఐలాండ్‌లలో 2020 నుంచి ఉంది. మసాచుసెట్స్ తన పాత చట్టాన్ని వదలనే లేదు. దాంతో న్యూజెర్సీ ఎడిసన్‌లోనో కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోనో ఉండే తెలుగు కుటుంబం పన్ను రిటర్నుతో పాటు ఏడాదంతా బీమా ఉందని చూపాలి. అదే కుటుంబం టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోకి మారితే ఎవరూ అడగరు.