జేబులో పనికత్తి: అపోహలు - వాస్తవాలు

రాజమహేంద్రవరం పరిసరాల మేజిస్ట్రేటు కోర్టులలో క్రిమినల్ కేసులు చూసే నా దగ్గరకు, ఎన్నికలకో పండుగలకో వాహన తనిఖీలు పెరిగినప్పుడల్లా ఒకే భయంతో మనుషులు వస్తూ ఉంటారు. కడియం నర్సరీలలో అంటు కట్టేవారు, కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు, గీత కార్మికులు, వైర్‌మన్లు, ఏసీ మెకానిక్కులు, అట్టపెట్టెలు విప్పే గోడౌను కుర్రాళ్లు, గొర్రెల కాపరులు, వీరందరి జేబులోనో మొలలోనో సంచిలోనో ఏదో ఒక కత్తి ఉంటుంది. అది లేకపోతే ఆ రోజు పని లేదు. ఈ మధ్య వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చదివిన తరువాత, ఆ కత్తి దగ్గర ఉండటమే నేరమని వీరిలో చాలామంది నమ్ముతున్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. చట్టం చదవకుండా ఆ భయాన్ని పెంచేవారి మీద మాత్రం నాకు ఓపిక లేదు.

ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం. ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 2(1)(సి) ప్రకారం, దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారు చేసిన, లేదా అలా మార్చుకున్న వస్తువే ఆయుధం. కేవలం ఇంటి అవసరాలకు, వ్యవసాయానికి తయారైన వస్తువులను అదే నిర్వచనం పేర్కొని మరీ మినహాయించింది. ఇక ఆయుధాల నియమావళి, 2016 మొదటి షెడ్యూలులోని ఐదవ కేటగిరీలో కత్తుల ప్రస్తావన ఉన్నది. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు గాని రెండు అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న బ్లేడును అది లెక్కలోకి తీసుకుంటూనే, గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైన వాటిని పక్కన పెట్టింది. కొబ్బరి బొండాలు కొట్టే కత్తి వెడల్పు రెండు అంగుళాలు దాటినా బొండాల వ్యాపారి లైసెన్సు తీసుకోనక్కరలేకపోవడానికి కారణం ఇదే. పైగా ఇటువంటి కత్తుల విషయంలో సెక్షన్ 4 వర్తించాలంటే, ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధానికి లైసెన్సు కావాలని కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి ఉండాలి. దాన్ని ఉల్లంఘిస్తే శిక్ష చెప్పే సెక్షన్ 25(1బి)(బి) కింద ఛార్జిషీటు వేసినవారు ఆ నోటిఫికేషన్‌ను కోర్టు ముందు పెట్టవలసి ఉంటుంది.

ఇంత రక్షణ ఉండగా కూడా మనవారు చిక్కుల్లో పడేది ఒక్క మాట వల్ల. కార్మికులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి దీని గురించి వివరంగా రాస్తున్నాను: "ఎందుకు పెట్టుకున్నావని అడిగితే ఆత్మరక్షణ కోసమని చెప్పాలి, అది మన హక్కు, వదిలేస్తారు." ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో గాని, ఊరూరా పాకిపోయింది. పైన చెప్పిన నిర్వచనాన్ని మరొకసారి చదవండి. "దాడికో ఆత్మరక్షణకో" అన్నది చట్టంలోని మాట. అంటే పనిముట్టు అని చెప్పుకోవలసిన వస్తువును, దాని యజమానే తన నోటితో ఆయుధాల వరుసలో నిలబెడుతున్నాడు. ఆత్మరక్షణ హక్కు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉన్న మాట నిజమే. అయితే ఎవరైనా మన మీద దాడి చేసిన క్షణంలో మనం చేసిన పనిని సమర్థించుకోవడానికి పనికివచ్చే హక్కు అది. ముందుగానే జేబులో కత్తి పెట్టుకుని తిరగడానికి ఇచ్చిన అనుమతిగా దానిని చదవకూడదు.

కొన్నేళ్ల కిందట, వర్షాకాలంలో, మామిడి అంట్లు కట్టే పని ముమ్మరంగా సాగుతున్న రోజులలో, ఒక నర్సరీ కార్మికుడు చీకటిపడ్డాక ఇంటికి వెళుతూ తనిఖీలో ఆగాడు. చొక్కా జేబులో అంటు కట్టే మడత చాకు, చేతిసంచిలో పాలిథిన్ పట్టీల చుట్ట, తడిగుడ్డలో చుట్టిన మామిడి పుల్లలు ఉన్నాయి. ఆ మూడూ కలిపి చూస్తే అతను చేసే పని ఏమిటో ఎవరికైనా తెలిసిపోతుంది. కాని భయంలో అతను సంచి విప్పి చూపలేదు, ఎవరో నేర్పిన మాటే వచ్చింది: "రాత్రిపూట ఒంటరిగా వస్తానండి, రక్షణకని పెట్టుకున్నాను." స్వాధీనం చేసుకున్నవాటిని సాక్షుల ఎదుట పోలీసులు రాసే మధ్యవర్తుల నివేదికలోకి చాకు ఎక్కింది, ఆ మాట ఎక్కింది, పట్టీలు, పుల్లలు ఎక్కలేదు. పోలీసుకు ఇచ్చిన ఒప్పుకోలు రుజువుగా చెల్లదన్న సూత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఉంది. అయినా కేసు పెట్టాలా వద్దా అని ఆలోచించే అధికారి చదివేది ఆ కాగితాన్నే. నర్సరీ యజమాని వచ్చి సాక్ష్యం చెప్పాడు, చాకు మీద ఎండిన మామిడి సొన మరకలను మేము కోర్టుకు చూపించాము, నోటిఫికేషన్‌ను ప్రాసిక్యూషన్ చూపలేకపోయింది, కేసు కొట్టివేశారు. కాని ఆ తీర్పు వచ్చేలోగా ఎన్ని వాయిదాలు పడ్డాయో, అంటు కట్టే రోజులలో పడిన ప్రతి వాయిదాకు అతను ఎంత కూలి పోగొట్టుకున్నాడో నేను దగ్గర నుంచి చూశాను. రోజు కూలి మీద బతికే మనిషికి అది శిక్ష కాదని ఎలా అనగలం?

కాబట్టి అడిగినప్పుడు నిజం చెప్పండి, పనితో సహా చెప్పండి. "నేను గీత కార్మికుడిని, ఇది గీత కత్తి, ఇప్పుడు చెట్ల దగ్గర నుంచి వస్తున్నాను" అన్న ఒక్క వాక్యం చాలు. కత్తిని విడిగా జేబులో వేసుకోవడం కంటే, ఒరలో పెట్టి మిగతా పనిముట్లతో పాటు సంచిలో ఉంచుకోవడం మంచిది. వైర్‌మన్ సంచిలో టెస్టరు, కటింగ్ ప్లేయరు పక్కన కనిపించిన చాకు గురించి ఎవరికీ వివరించవలసిన పని ఉండదు. గీత పారిశ్రామిక సహకార సంఘం సభ్యత్వ కార్డు గాని, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు గాని, ఈ-శ్రమ్ కార్డు గాని వెంట ఉంచుకోండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేయాలి. ఆ రికార్డింగు జరుగుతున్నప్పుడే సంచిలోని మిగతా సామాను కూడా చూపించి, వాటిని కూడా రాయమని మర్యాదగా అడగండి. అరెస్టు చేసి ఒళ్లు వెతికితే, తీసుకున్న వస్తువులకు రసీదు ఇవ్వాలని 49వ సెక్షన్ చెబుతుంది.

దీని తరువాత అంతటి నష్టం చేసేది, "నేరం ఒప్పేసుకుంటే జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికి పోవచ్చు" అన్న మాట. ఆయుధాల చట్టం కేసు హెల్మెట్ లేని కేసు వంటిది కాదు. 25(1బి) కింద కనీస జైలు శిక్ష చట్టంలోనే రాసి ఉన్నది. అంతకంటే తగ్గించాలంటే న్యాయమూర్తి ప్రత్యేక కారణాలు నమోదు చేయాలి. ఒకవేళ తక్కువ శిక్షతోనే బయటపడినా, నేరం రుజువైనట్లు రికార్డు మిగిలిపోతుంది. కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కరలేదు. వీసా చేతికి వచ్చే సమయానికి ఎప్పుడో ఒప్పుకున్న కేసు బయటపడి, తల్లిదండ్రులతో కలిసి వచ్చి నా ఎదుట కన్నీళ్లు పెట్టుకున్న యువకులు ఉన్నారు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రతి కోర్టు సముదాయంలోనూ న్యాయ సేవల అధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును ఇస్తారు. ఒప్పుకోలు మీద సంతకం చేసే ముందు అక్కడికి వెళ్లండి.

మిగతావి త్వరగా చెబుతాను. "మూడు అంగుళాల లోపు ఉంటే ఎక్కడా ఏమీ అనరు" అన్నది తప్పు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి, బటన్‌తో గాని మరే యంత్రపు అమరికతో గాని తెరుచుకునే చాకుల విషయంలో 7.62 సెంటీమీటర్ల (అంటే మూడు అంగుళాల) పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు కొలతలు పెట్టింది. ఆ కొలతే అందరికీ వర్తిస్తుందని ఎవరో ప్రచారం చేసి ఉంటారని నా అనుమానం. చిన్న చాకుతో పొడిచినా ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచిన నేరమే అవుతుంది, పెద్ద కత్తితో కొబ్బరి కొట్టినా నేరం కాదు. బటన్ చాకు మాత్రం పనికోసం కొనవద్దని గట్టిగా చెబుతాను. చేతితో తెరిచే మడత చాకుతో కాని పని దానితో ఏదీ లేదు, అనుమానం మాత్రం వెంట వస్తుంది.

నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, అంటే పాత 144 కింద, నిషేధాజ్ఞలు ఉన్న రోజులలో పనిముట్లు పట్టుకుని గుంపులో నిలబడవద్దు. ఆ ఆజ్ఞలు సాధారణంగా రెండు నెలలకు మించి ఉండవు, ఉల్లంఘిస్తే న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. పని ముగించుకుని నేరుగా ఇంటికి పోవడం అప్పుడు ఇంకా అవసరం.

విమానంలో చేతిసంచిలో కత్తి పనికిరాదు. లోపలికి పంపే లగేజీలో పెట్టుకోవాలి. కోర్టులోకి వచ్చేటప్పుడు కూడా, దయచేసి, దానిని ఇంట్లో పెట్టి రండి.

ఇంగ్లండులో చదువుకుంటూ గోడౌనులలో పనిచేసే మన పిల్లల తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. అక్కడ 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 139వ సెక్షన్ ప్రకారం, మూడు అంగుళాల లోపు అంచు ఉన్న మడత చాకును కారణం చెప్పకుండానే వెంట ఉంచుకోవచ్చు. అయితే తెరిచాక బిగిసిపోయే లాక్ చాకు ఆ మినహాయింపులోకి రాదు. దానికి పని వంటి సరైన కారణం చూపించాలి, ఆ కారణం ఆ సమయంలో, ఆ చోట నిజంగా ఉండాలి. పని లేని రోజు కోటు జేబులో మరచిపోయి బజారుకు వెళ్లినా చిక్కే కాబట్టి, షిఫ్టు అయ్యాక గోడౌనులోనే వదిలి రమ్మని పిల్లలకు చెప్పండి.

స్వాధీనం చేసుకున్న కత్తి ఇక తిరిగి రాదని ఆశ వదులుకునేవారూ ఉన్నారు. గీత కత్తిని కమ్మరి దగ్గర తమ చేతికి వాటంగా చేయించుకున్నవారికి అది చిన్న నష్టం కాదు. కేసు ఇంకా కోర్టుకు రాకపోతే సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద, విచారణ నడుస్తుంటే 497వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్వాధీన నివేదిక నకలు, మీ వృత్తి కార్డు నకలు, పని ఇచ్చేవారి ఉత్తరం జతచేస్తే చాలు; పంచనామా రాసి, ఫొటోలు తీసి, అడిగినప్పుడు తెచ్చి చూపుతామని బాండు రాయించుకుని తిరిగి ఇచ్చిన సందర్భాలు నా కేసులలోనే ఉన్నాయి.