23 డిగ్రీల గీత, రేకుల షెడ్డులో డ్రమ్ములు

వరంగల్‌లో ములుగు రోడ్డు పారిశ్రామిక వాడ లాంటి చోట, రేకుల షెడ్డు కింద థిన్నర్, టర్పెంటైన్ ఆయిల్ డ్రమ్ములు పక్కపక్కనే కనిపిస్తే, చట్టం దృష్టిలో అవి రెండూ వేర్వేరు తరగతులని ఎవరికీ తట్టదు. వాటిని విడదీసే కొలతకు దాదాపు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

కిరోసిన్ దీపాల కాలంలో, 1879లో, బ్రిటిష్ చట్టం ఫ్రెడరిక్ ఏబెల్ రూపొందించిన మూత పాత్ర పరీక్షను స్వీకరించింది. ద్రవాన్ని మెల్లగా వేడిచేస్తూ చిన్న మంట చూపినప్పుడు, దాని ఆవిరి తొలిసారి భగ్గుమన్న ఉష్ణోగ్రతే ఫ్లాష్ పాయింట్. 73 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద అక్కడ గీత గీశారు. మన 1934 పెట్రోలియం చట్టం ఆ గీతను 76 డిగ్రీల వద్ద పెట్టి, దానికి దిగువన ఉన్నదాన్ని ప్రమాదకరమంది. 1970 సవరణతో ఏ, బి, సి తరగతులు వచ్చాయి: 23 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఏ, 65కు దిగువన బి, 93కు దిగువన సి. పెట్రోలు, థిన్నర్లలో వాడే టొలూయీన్ ఏ తరగతివి. కిరోసిన్, టర్పెంటైన్ ఆయిల్ బి తరగతివి.

చిక్కంతా ఈ బి తరగతితోనే. కిరోసిన్ ఫ్లాష్ పాయింట్ దాదాపు 38 డిగ్రీలు. చలి దేశంలో అది నిశ్చింతనిచ్చే అంకె కావచ్చు గానీ, రోహిణి కార్తెలో వరంగల్ 44 డిగ్రీలు చూస్తుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. అంటే పేరుకు బి తరగతి డ్రమ్ము ఆ రోజుల్లో ఏ తరగతిలాగే ప్రవర్తిస్తుంది. పైగా 1,000 లీటర్లు మించని పాత్రల్లో మొత్తం 2,500 లీటర్ల బి తరగతి సరుకుకు లైసెన్సు అక్కర్లేదు: 200 లీటర్ల డ్రమ్ములు పన్నెండన్నమాట.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు, 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు తెచ్చారు. 2009 అక్టోబరు 29న జైపూర్ చమురు డిపోలో పెట్రోలు ఆవిరి మేఘమై పేలి 11 మంది చనిపోయాక, వాల్వులను దూరం నుంచి మూసే ఏర్పాటు మీద దృష్టి పడింది. ఇవన్నీ పెద్ద ట్యాంకులను చూసి చేసినవే. పన్నెండు డ్రమ్ముల షెడ్డు వాటి చూపుకు ఆనలేదు.

ఆ షెడ్డులో జరిగేది చాలా మామూలు పని. బిరడా తీసి ప్లాస్టిక్ బకెట్‌లోకి వంపుతారు. ఆవిరి గాలికన్నా బరువు కనుక నేలబారుగా పాకి కాలువలోనో, మోటారు గుంటలోనో చేరుతుంది. ధారగా పడుతున్నప్పుడు పుట్టిన స్థిర విద్యుత్తు ప్లాస్టిక్‌లో దారి దొరక్క పోగుపడి, నిప్పురవ్వగా దూకవచ్చు. ఇనుప బకెట్టు వాడి, దాన్నీ డ్రమ్మునూ తీగతో కలిపి, డ్రమ్మును ఎర్తింగ్‌కు బిగిస్తే ఆ నిప్పురవ్వ పుట్టకుండా ఉంటుంది.

ఖాళీ డ్రమ్ము సంగతి మరీ విచిత్రం. నిండు డ్రమ్ములో ఆవిరికి చోటు తక్కువ, ఖాళీ దాంట్లో అంతా ఆవిరీ గాలీనే, మంట తగిలితే పేలేది ఆ మిశ్రమమే. లోపలి ఆవిరి పూర్తిగా పోయేదాకా బిగించే ఉంచాలని పెట్రోలియం నియమాలు ఎప్పుడో చెప్పాయి. మన దగ్గర మాత్రం అది బిరడా లేకుండానే పాత సామాన్ల దుకాణానికి చేరి, నీళ్ల తొట్టి చేయడానికి గ్యాస్ కట్టర్ కిందికి వెళుతుంది.