బాకా మూతి ఎటువైపు?

బిడ్డలారా,

మొన్న దసరాకు వచ్చినప్పుడు మీ ఫోన్‌లో బూరలు మోగగానే నేను లేచి కూర్చుంటే, "తాతా, ఇది రాక్, పెండ్లి బ్యాండ్ కాదు" అని నవ్వారు గదా. దానికే ఈ జవాబు.

నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు బరాత్ పోతుంటే నేను ఇప్పటికీ ఆగి చూస్తాను. బూర ఊదే ఆయన పాట మధ్యలో బూరను వంచి, చిన్న మీట నొక్కి, లోపల చేరిన తడిని దులుపుతాడు. అప్పుడు ఆయన పెదవుల మీద గుండ్రంగా అచ్చు కనిపిస్తుంది. మైకు లేకున్నా, కరెంటు పోయినా బూర వీధి చివరిదాకా వినిపిస్తుంది. అందుకే రాజులూ సైన్యాలూ దాన్ని ఎప్పుడో సొంతం చేసుకున్నారు. మనకైతే "బాకా ఊదడం" అంటే పెద్దోళ్లను పొగడడమే అయిపోయింది.

కొందరు రాక్ వాళ్లు ఆ బాకా మూతిని పెద్దోళ్ల మీదికే తిప్పారు. అమెరికాలో షికాగో అనే బ్యాండ్ ఉంది. ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సఫోన్ అనే బూరలు వాయించే ముగ్గురూ అందులో కిరాయికి వచ్చినవాళ్లు కాదు, సొంత సభ్యులు. 1968లో వాళ్ల ఊళ్లో వియత్నాం యుద్ధం వద్దన్నవాళ్లను పోలీసులు చితకబాదారు. అప్పుడు జనం చేసిన నినాదాల రికార్డింగును 1969లో తమ మొదటి ఆల్బంలోనే పెట్టారు.

నాకు ఇంకా నచ్చింది ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ బ్యాండ్, ది స్పెషల్స్. 1981లో వాళ్ల 'ఘోస్ట్ టౌన్' వచ్చింది. పనులు లేవు, క్లబ్బులు మూతపడ్డాయి, ఊరు బోసిపోయింది. అదే పాట. అందులో బూరలు గర్జించవు, మూలుగుతాయి. ట్రాంబోన్ వాయించింది జమైకాలో పెరిగిన రికో రోడ్రిగెజ్. ఆ జూలైలో ఊళ్లలో అల్లర్లు జరుగుతుంటే, అక్కడ ఎక్కువ అమ్ముడయ్యే పాటల జాబితాలో ఈ పాటే నంబర్ వన్.

నైజీరియా పాటగాడు ఫేలా కుటిది రాక్ అనలేం గానీ, ఆయన్ను వదలలేను. చెప్పిందల్లా చేసే సైనికులను 'జాంబీ', అంటే నడిచే శవం, అని పాడాడు. ఆయన పాటల్లో బూరలన్నీ కలిసి ఒక్క దెబ్బగా పడతాయి, మన డప్పు పాటలో వంత అందుకున్నట్టే. 1977 ఫిబ్రవరిలో సైనికులు ఆయన ఇంటి మీద పడి తగలబెట్టారు. ఆయన తల్లిని కిటికీలోంచి కిందికి తోశారు. ఆమె మరుసటి ఏడాది చనిపోయింది.

సంక్రాంతికి వస్తే ఆ ఇయర్‌ఫోన్లు పక్కనపెట్టి, మిద్దె మీద స్పీకర్ పెట్టండి. మన బ్యాండ్ మేళం ఆయన్ను చాయ్‌కి పిలుస్తాను. రికో మూలుగు ఆయన బూరలో పలుకుతుందో లేదో విందాం.

మీ తాత